మెంబర్ ఒక్కటే, అయినా పీడీఎస్ ఎందుకు నిండిపోయింది? - మెయిన్‌ఫ్రేమ్ తెలుగులో

పోయిన ఎపిసోడ్‌లో సీక్వెన్షియల్ డేటాసెట్ గురించి మాట్లాడుకున్నాం. ఈరోజు టాపిక్ పీడీఎస్, అంటే పార్టిషన్డ్ డేటాసెట్. అమీర్‌పేట్‌లో కోర్స్ చేసినవాళ్ళకి దీని డెఫినిషన్ నోటికి వచ్చే ఉంటుంది. "ఇది ఫోల్డర్ లాంటిది, అందులో మెంబర్లు ఫైల్స్ లాంటివి." ఇంటర్వ్యూలో ఇది చెప్తే పాస్ అయిపోతారు. కానీ ప్రొడక్షన్ సపోర్ట్‌లో కూర్చున్నాక ఈ ఫోల్డర్ పోలికే మిమ్మల్ని ముంచుతుంది. ఎందుకో ఈరోజు చూద్దాం.

మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఒకసారి అడిగాడు. "అన్నా, ఈ పీడీఎస్‌లో ఒక్క ప్రోగ్రామే ఉంది. 3.4లో చూస్తే యూజ్డ్ 100 శాతం అంటోంది. సేవ్ కొడితే ఈ37 వస్తోంది. పాతవన్నీ డిలీట్ చేసేశాను, అయినా ఒక్క శాతం కూడా తగ్గలేదేంటి?" చాలా మంచి ప్రశ్న అండి. ఫోల్డర్ అనుకుంటే దీనికి జవాబు దొరకదు. విండోస్‌లో ఫైల్ డిలీట్ చేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే చోటు వచ్చేస్తుంది కదా. ఇక్కడ రాదు.

ఫోల్డర్‌ని కాసేపు పక్కన పెట్టండి. మన ఊళ్ళో కిరాణా కొట్టులో ఖాతా పుస్తకం గుర్తు తెచ్చుకోండి. గట్టి అట్ట, బైండింగ్ చేసిన పుస్తకం. ముందు రెండు మూడు పేజీల్లో పేర్ల పట్టిక. ఫలానా వాళ్ళ ఖాతా 14వ పేజీలో, ఫలానా వాళ్ళది 22లో అని. మిగతా పేజీల్లో లెక్కలు. ఇప్పుడు రెండు రూల్స్ పెట్టండి. ఒకటి, పెన్నుతోనే రాయాలి, చెరపకూడదు, పేజీ చింపకూడదు. రెండు, ఎవరి లెక్క మారినా మొత్తం లెక్కని చివర ఖాళీగా ఉన్న పేజీలో కొత్తగా రాయాలి. రాయడం పూర్తయ్యాక ముందుకొచ్చి పట్టికలో 14 కొట్టేసి 57 అని వేయాలి. అంతే. 14వ పేజీ అలాగే ఉంటుంది. దాని మీద అక్షరాలు కూడా అలాగే ఉంటాయి. దాన్ని చూపించేవాళ్ళే ఉండరు.

పీడీఎస్ అచ్చంగా ఇదే. ముందున్న పట్టికని డైరెక్టరీ అంటారు. వెనకాల ఉన్నది మెంబర్ ఏరియా.

ఇది ఇప్పటి డిజైన్ కాదు ఫ్రెండ్స్. ఐబీఎం 1964లో సిస్టమ్/360 ప్రకటించింది. దానితో వచ్చిన ఓఎస్/360 కాలం నాటి ఆలోచన ఇది. అప్పటి 2311 డిస్క్ ప్యాక్‌లో పట్టేది 7.25 మెగాబైట్లు. మన ఫోన్‌లో రెండు ఫోటోలు. అలాంటి డిస్క్ మీద వందల చిన్న చిన్న ప్రోగ్రామ్‌లు ఒక్కోటి ఒక్కో డేటాసెట్‌గా పెడితే, ఒక్కోదానికి కనీసం ఒక ట్రాక్ పోతుంది. అన్నీ కలిపి ఒకే డేటాసెట్‌లో సర్దితే చోటు కలిసొస్తుంది. కాబట్టి ఇది చోటు ఆదా చేయడానికి వచ్చిన ఐడియానే. అది మర్చిపోయి తిట్టుకోవద్దు.

సరే, డైరెక్టరీ దగ్గరకి వద్దాం. మీరు జేసీఎల్‌లో స్పేస్ పారామీటర్ రాస్తారు కదా, ట్రాక్స్ అని చెప్పి బ్రాకెట్‌లో 10, 5, 20. మొదటి 10 ప్రైమరీ ట్రాక్‌లు. 5 సెకండరీ. మూడో నంబర్ 20 ఏమో డైరెక్టరీ బ్లాకులు. ఒక్కో డైరెక్టరీ బ్లాక్ 256 బైట్లు. అందులో మొదటి 2 బైట్లు "ఈ బ్లాక్‌లో ఎంతవరకు వాడాం" అనే లెక్కకి పోతాయి, మిగిలేది 254. ఒక్కో మెంబర్‌కి ఎంట్రీలో పేరుకి 8 బైట్లు, చిరునామాకి 3 బైట్లు, ఇంకో బైట్ ఫ్లాగ్స్‌కి. మొత్తం 12. ఆ చిరునామానే టీటీఆర్ అంటారు. డేటాసెట్ మొదటి నుంచి ఎన్నో ట్రాక్, ఆ ట్రాక్‌లో ఎన్నో రికార్డ్ అని.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఐఎస్‌పీఎఫ్ ఎడిటర్‌లో సేవ్ చేస్తే ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, ఎన్ని లైన్లు అనే స్టాటిస్టిక్స్ కనిపిస్తాయి కదా. అవి మెంబర్‌లో ఉండవు, డైరెక్టరీ ఎంట్రీలోనే ఉంటాయి. దానికి మామూలుగా ఇంకో 30 బైట్లు. అంటే ఎంట్రీ 42 బైట్లు అయింది. 254ని 42తో భాగిస్తే 6. అదే స్టాట్స్ లేకపోతే 254ని 12తో భాగించండి, 21. కాబట్టి 20 బ్లాకులు అడిగితే సుమారు 120 మెంబర్లు పడతాయి అని లెక్క వేసుకోండి. 400 అనుకోవద్దు.

డైరెక్టరీ సైజ్ డేటాసెట్ పుట్టినప్పుడే ఫిక్స్ అయిపోతుంది. మామూలు పీడీఎస్‌లో తర్వాత పెంచే దారి ఐబీఎం యుటిలిటీల్లో లేదు. కొత్తది పెద్ద డైరెక్టరీతో అలొకేట్ చేసి కాపీ చేసుకోవాలి. డైరెక్టరీ నిండిపోతే బ్యాచ్ జాబ్‌లో బీ14 అబెండ్ వస్తుంది, రీజన్ కోడ్ 0సీ. ఇందులో చిరాకు ఏంటంటే, మెంబర్ డేటా మొత్తం రాసేశాక, చివర్లో క్లోజ్ చేసేటప్పుడు పేరు ఎక్కించబోతే "పట్టికలో చోటు లేదు" అని తెలుస్తుంది. రాసిన డేటా లోపల ఉండిపోతుంది, పేరు మాత్రం ఉండదు. స్పేస్ పోయింది, మెంబరూ రాలేదు. అందుకే డైరెక్టరీ బ్లాకుల విషయంలో పిసినారితనం వద్దండి. 3390 డిస్క్ మీద ఒక్క ట్రాక్‌లో 45 డైరెక్టరీ బ్లాకులు పడతాయి. 20 అడిగినా 45 అడిగినా ఖర్చు ఒక ట్రాక్ లోపే.

ఇంకో సంగతి. డైరెక్టరీలో పేర్లు ఎప్పుడూ అక్షర క్రమంలో ఉంటాయి. పేరు తీసేస్తే మిగతావి జరిగి ఆ చోటు వెంటనే మళ్ళీ వాడకానికి వస్తుంది. అంటే పట్టికలో చోటు తిరిగి వస్తుంది, పేజీల్లో చోటు రాదు. మా కుర్రాడు డిలీట్ కొట్టినప్పుడు జరిగింది ఇదే. పేర్లు పోయాయి, లోపలి డేటా ఉన్నచోటే ఉంది.

ఇప్పుడు నంబర్లతో చేద్దాం, అప్పుడే బుర్రకి ఎక్కుతుంది. పెన్ను, పేపర్ తీసుకోండి.

3390 డిస్క్. ఒక ట్రాక్‌లో గరిష్ఠంగా 56,664 బైట్లు, 15 ట్రాక్‌లు ఒక సిలిండర్. ఈరోజు వెనకాల ఉన్నది ఫ్లాష్ స్టోరేజే కావచ్చు, కానీ జెడ్/ఓఎస్‌కి మాత్రం అది తిరిగే 3390 డిస్క్ లాగానే కనబడుతుంది, లెక్కలన్నీ ట్రాక్‌ల్లోనే. మన కోబాల్ సోర్స్ లైబ్రరీ రికార్డ్ లెంగ్త్ 80. బ్లాక్ సైజ్ 27,920. అంటే బ్లాక్‌కి 349 లైన్లు. ట్రాక్‌కి అలాంటివి రెండు బ్లాకులు, 698 లైన్లు.

ఒక ప్రోగ్రామ్ 5,000 లైన్లు ఉందనుకోండి. పాత బ్యాంకింగ్ సిస్టమ్‌లో ఇది పెద్ద ప్రోగ్రామ్ కూడా కాదు. 14 నిండు బ్లాకులు, ఇంకో చిన్న బ్లాక్, ఆఖర్లో మెంబర్ అయిపోయిందని చెప్పే ఎండ్ ఆఫ్ ఫైల్ గుర్తు. ఏడు ట్రాక్‌ల పైచిలుకు. మన పీడీఎస్ 10, 5, 20. పీడీఎస్‌కి 16 ఎక్స్‌టెంట్ల కంటే ఎక్కువ ఉండవు, అదీ ఒకే వాల్యూమ్ మీద. ప్రైమరీ ఒకే ముక్కగా దొరికితే 10 ట్రాక్‌లు, పైన 15 సార్లు 5, మొత్తం 85 ట్రాక్‌లు. 85 ట్రాక్‌లంటే దాదాపు 59 వేల లైన్లు. మన ప్రోగ్రామ్‌కి పది రెట్లకు పైనే.

ఇప్పుడు మీరు ప్రోగ్రామ్ ఓపెన్ చేసి, ఒక్క ఫుల్‌స్టాప్ మార్చి సేవ్ కొట్టారు. కోబాల్‌లో ఫుల్‌స్టాప్ ఎంత పని చేస్తుందో మీకు తెలుసు. సిస్టమ్ ఆ ఒక్క లైన్ మార్చదు. 5,000 లైన్లూ తీసుకెళ్ళి చివర ఖాళీలో రాస్తుంది. ఇంకో ఏడున్నర ట్రాక్‌లు. కంపైల్ ఎర్రర్. ఇంకో ఫుల్‌స్టాప్, ఇంకో సేవ్, ఇంకో ఏడున్నర. నేను బ్లాకులు ఎక్కడెక్కడ కూర్చుంటాయో గీసి చూశాను. 83 ట్రాక్‌ల దగ్గరకి వచ్చేసరికి సరిగ్గా 11 కాపీలు. మిగిలిన రెండు ట్రాక్‌ల్లో పన్నెండోది పట్టదు. పన్నెండో సేవ్‌కి ఈ37. డైరెక్టరీలో చూస్తే ఒకే ఒక్క పేరు! లోపల 11 కాపీలు, అందులో 10 చనిపోయినవి. మెయిన్‌ఫ్రేమ్ వాళ్ళు ఈ చనిపోయిన చోటుని "గ్యాస్" అంటారు. మన ఇంట్లో గ్యాస్ అయిపోతే ఇబ్బంది, ఇక్కడ గ్యాస్ నిండిపోతే ఇబ్బంది.

కానీ ఒక విషయం గమనించారా? ఆ పన్నెండో సేవ్ ఫెయిల్ అయింది. మరి పదకొండో కాపీ ఏమైంది? ఏమీ కాలేదు. కొత్తది మొత్తం రాశాకే చిరునామా మారుతుంది కాబట్టి, మధ్యలో ఏం జరిగినా పాత కాపీ భద్రం. ఇది ఈ డిజైన్‌లో నాకు చాలా నచ్చిన విషయం. చోటు వృథా చేస్తుంది, నిజమే, కానీ సగం రాసిన ప్రోగ్రామ్‌ని మీ నెత్తిన పెట్టదు. అందుకే ఎడిటర్‌లో ఈ37 వస్తే కంగారుపడి క్యాన్సిల్ కొట్టి బయటికి రావద్దు. మీరు చేసిన మార్పులు ఇంకా స్క్రీన్ మీదే ఉన్నాయి. క్రియేట్ కమాండ్ ఇచ్చి వేరే పీడీఎస్‌లోకి రాసేయండి, తర్వాత నింపాదిగా దీని సంగతి చూడొచ్చు.

బ్లాక్ సైజ్ గురించి ఒక్క నిమిషం. ఎవరో పాత జేసీఎల్ కాపీ కొట్టి బ్లాక్ సైజ్ కూడా 80 అని పెట్టేస్తారు. అప్పుడు ఒక్కో లైన్ ఒక్కో బ్లాక్. ప్రతి బ్లాక్‌కీ డిస్క్ మీద దాని సొంత ఓవర్‌హెడ్ ఉంటుంది. 3390 ట్రాక్‌లో అలాంటివి 78 మాత్రమే పడతాయి. 698 ఎక్కడ, 78 ఎక్కడ. అదే డిస్క్, అదే ప్రోగ్రామ్, తొమ్మిదో వంతు. బ్లాక్ సైజ్ సున్నా అని ఇస్తే సిస్టమే మంచి నంబర్ ఎంచుకుంటుంది. దాన్ని ఎంచుకోనివ్వండి.

అబెండ్ కోడ్‌లు కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఇంటర్వ్యూలో తప్పకుండా అడుగుతారు. డీ37 అంటే ప్రైమరీ అయిపోయింది, మీరు సెకండరీ అడగనే లేదు. ఈ37 పీడీఎస్‌ల్లో ఎక్కువగా చూసేది, ఎక్స్‌టెంట్లు అయిపోయాయి లేదా డిస్క్ మీదే చోటు లేదు. బీ37 కూడా ఈ కుటుంబమే, సీక్వెన్షియల్ ఫైల్స్‌తో ఎక్కువ కనబడుతుంది. ఈ మూడూ డేటా చోటు గురించి. ఇందాక చెప్పిన బీ14 పట్టిక గురించి. తేడా పట్టుకోండి, ఎందుకంటే ఈ37కి కంప్రెస్ మందు, బీ14కి కంప్రెస్ చేసినా లాభం లేదు.

ఇక కంప్రెస్. దీని కోసమే ఈ ఎపిసోడ్ చేస్తున్నా నిజానికి.

కంప్రెస్ అంటే జిప్ చేయడం కాదండి. బతికున్న మెంబర్లని ముందుకి జరిపి, మధ్యలో చనిపోయిన చోటంతా తీసేసి, ఖాళీని చివరికి చేర్చడం. 3.4లో డేటాసెట్ పక్కన జెడ్ కొడితే చాలు. 3.1లో అయితే సీ ఆప్షన్. బ్యాచ్‌లో అయితే ఐఈబీకాపీ యుటిలిటీ, ఇన్‌పుట్ డీడీ, అవుట్‌పుట్ డీడీ రెండూ అదే డేటాసెట్‌కి ఇస్తే అది కంప్రెస్ అని అర్థం చేసుకుంటుంది. మన 85 ట్రాక్‌ల పీడీఎస్‌ని కంప్రెస్ చేస్తే వాడకం 8 ట్రాక్‌లకి దిగుతుంది. సింపుల్. ఎంత సింపుల్ అంటే, చాలామంది ఈ37 చూడగానే ఆలోచించకుండా జెడ్ కొట్టేస్తారు.

ఒక ప్రాజెక్ట్‌లో జరిగింది చెప్తాను. రిలీజ్ రోజు. అమెరికాలో రాత్రి, మనకి పొద్దున. ఒక డెవలపర్ పాత మెంబర్లు ఏరేస్తూ, కావలసిన కంట్రోల్ కార్డ్ మెంబర్ కూడా డిలీట్ చేసేశారు. వెంటనే గమనించలేదు. అరగంట తర్వాత ఇంకొకరు అదే లైబ్రరీలో సేవ్ చేయబోతే ఈ37. ఆయన మంచి ఉద్దేశంతోనే జెడ్ కొట్టారు. పావుగంట తర్వాత జాబ్ ఫెయిల్, మెంబర్ లేదు. బ్యాకప్‌లో ఉన్నది ముందు రోజు రాత్రిది, ఆ మెంబర్ మారింది ఆ పొద్దునే. లైన్లన్నీ మళ్ళీ కూర్చుని, ఈమెయిల్స్ చూసుకుంటూ, ఒకరు చదువుతుంటే ఒకరు టైప్ చేశారు. అవతల బ్యాచ్ ఆగి ఉంది.

ఇప్పుడు ఖాతా పుస్తకం గుర్తు తెచ్చుకోండి. డిలీట్ కొట్టిన క్షణంలో పోయింది పట్టికలో పేరే. ఆ మెంబర్ లైన్లన్నీ డిస్క్ మీద అలాగే, చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ అరగంటా ఉన్నాయి. తీసుకొచ్చే మార్గం కూడా ఉంది. సీబీటీ టేప్ అని మెయిన్‌ఫ్రేమ్ వాళ్ళు దశాబ్దాలుగా పోగు చేసిన ఉచిత ప్రోగ్రామ్‌ల సేకరణ ఉంది. దాని 182వ ఫైల్‌లో పీడీఎస్ అనే కమాండ్ దొరుకుతుంది, అందులో రెస్టోర్ అనే సబ్‌కమాండ్ ఉంది. పేరు పోయిన మెంబర్లని వెతికి, కొత్త పేరు పెట్టి ఇస్తుంది. డబ్బులు పెట్టి కొనే టూల్స్ కొన్నింటిలో కూడా ఈ సౌకర్యం ఉంటుంది. మీ షాప్‌లో ఏది ఉందో ముందే సిస్టమ్స్ ప్రోగ్రామర్‌ని అడిగి పెట్టుకోండి, అవసరం పడ్డ రోజు అడగడానికి టైమ్ ఉండదు. కానీ ఏ టూల్ అయినా పని చేసేది కంప్రెస్ అవ్వనంతవరకే. కంప్రెస్ ఆ పేజీల మీదకి వేరే లెక్కలు జరిపి రాసేస్తుంది. ఆ తర్వాత వెతకడానికి ఏమీ ఉండదు.

అందుకే టీమ్ లైబ్రరీలో జెడ్ కొట్టేముందు "ఎవరైనా ఈరోజు ఇందులో ఏమైనా డిలీట్ చేశారా?" అని చాట్‌లో ఒక్క మెసేజ్ పెట్టండి. అలాగే ఎవరైనా పొరపాటున డిలీట్ చేస్తే, మొదట చేయాల్సిన పని ఆ డేటాసెట్‌ని ఎవరూ కంప్రెస్ చేయకుండా ఆపడం. బ్యాకప్ వెతకడం ఆ తర్వాత.

కంప్రెస్‌కి రెండో ప్రమాదం కూడా ఉంది. అది ఉన్నచోటే జరుపుతుంది కదా, మధ్యలో జాబ్ క్యాన్సిల్ అయినా, సిస్టమ్ పడిపోయినా, సగం జరిగిన మెంబర్లతో డేటాసెట్ పాడైపోవచ్చు. ఇందాక సేవ్‌లో మెచ్చుకున్నామే, "పాతది భద్రం" అని, ఆ భద్రత కంప్రెస్‌లో లేదు. నేనైతే ముఖ్యమైన లైబ్రరీకి ఇన్‌ప్లేస్ కంప్రెస్ చేయను. కొత్త డేటాసెట్ అలొకేట్ చేసి, ఐఈబీకాపీతో అందులోకి కాపీ చేస్తాను. కాపీలో బతికున్న మెంబర్లే వస్తాయి కాబట్టి గ్యాస్ దానంతటదే పోతుంది. తర్వాత పాతదానికి వేరే పేరు, కొత్తదానికి అసలు పేరు. పాతది ఒక వారం ఉంచుతాను, అందులో చనిపోయిన కాపీలు కూడా ఉంటాయి కాబట్టి. ఇంకో లాభం, కంప్రెస్ ఎక్స్‌టెంట్లని తగ్గించదు, 16 ఉంటే 16 అలాగే ఉంటాయి. కొత్తగా అలొకేట్ చేస్తే పెద్ద ప్రైమరీతో ఒకే ముక్కలో తెచ్చుకోవచ్చు.

లోడ్ లైబ్రరీల్లో, ముఖ్యంగా లింక్ లిస్ట్‌లో ఉన్నవాటిలో, కంప్రెస్ మాట ఎత్తనే వద్దు. సిస్టమ్ ఆ డైరెక్టరీ ఎంట్రీలని మెమరీలో ఎల్ఎల్ఏ అనేదాని దగ్గర దాచుకుని ఉంటుంది. మీరు కంప్రెస్ చేస్తే మాడ్యూల్స్ జరిగిపోతాయి, ఎల్ఎల్ఏ దగ్గర మాత్రం పాత చిరునామాలే ఉంటాయి. తర్వాత ప్రోగ్రామ్ పిలిచినవాళ్ళకి 106 అబెండ్‌లు మొదలవుతాయి. అది సిస్టమ్స్ టీమ్ పని, వాళ్ళకే వదిలేయండి.

ఇప్పటికే కొందరు అనుకుంటూ ఉంటారు, "అన్నా, పీడీఎస్ఈ ఉంది కదా, ఈ గోలంతా ఎందుకు?" అని. నిజమే. డీఎస్ఎన్‌టైప్ లైబ్రరీ అని ఇస్తే వచ్చేది పీడీఎస్ఈ. చూడటానికి అదే, లోపల పూర్తిగా వేరే. చోటంతా 4 కిలోబైట్ల పేజీలుగా ఉంటుంది. మెంబర్ మారితే, పాత కాపీని ఇంకెవరూ చదవడం లేదు అన్నప్పుడు దాని పేజీలు వాటంతటవే తిరిగి వస్తాయి. డైరెక్టరీ అవసరమైనట్టు పెరుగుతుంది. ఎక్స్‌టెంట్లు 123 వరకు. కంప్రెస్ అక్కర్లేదు. ఇద్దరు ఒకేసారి వేరు వేరు మెంబర్లు రాసుకోవచ్చు కూడా. ఎంటర్‌ప్రైజ్ కోబాల్ 5 నుంచి అయితే ఎగ్జిక్యూటబుల్స్‌ని పాత పీడీఎస్‌లో పెట్టడం కుదరదు.

అయితే "పీడీఎస్ఈ తక్కువ చోటు తింటుంది" అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. 3390 ట్రాక్‌కి 4 కిలోబైట్ల పేజీలు 12 పడతాయి, అంటే 49,152 బైట్లు. మన పీడీఎస్‌లో ట్రాక్‌కి 55,840 పెట్టాం. మన 5,000 లైన్ల ప్రోగ్రామ్ ఇక్కడ 98 పేజీలు, 8 ట్రాక్‌ల పైనే. 10 లైన్ల చిన్న కంట్రోల్ కార్డ్ అయితే ఇంకా తేడా. 800 బైట్లే అయినా ఒక పేజీ మొత్తం తీసుకుంటుంది, ట్రాక్‌కి 12 మెంబర్లు. పీడీఎస్‌లో అదే మెంబర్ చిన్న బ్లాక్‌గా కూర్చుంటుంది, ట్రాక్‌కి 25 పైనే పడతాయి. కాబట్టి చిన్న చిన్న మెంబర్లు వేలల్లో ఉండి, ఎప్పుడో గానీ మారకపోతే, పాత పీడీఎస్‌నే ఉంచితే తప్పు లేదు. రోజూ మారే సోర్స్ లైబ్రరీ అయితే కళ్ళు మూసుకుని పీడీఎస్ఈ. సిస్టమ్ మొదలయ్యేటప్పుడే కావలసిన న్యూక్లియస్, ఎల్‌పీఏ లిస్ట్ లాంటి కొన్ని లైబ్రరీలు మాత్రం పీడీఎస్‌గానే ఉండాలి.

ఇంకో మాట. పీడీఎస్ఈలో పేజీలు తిరిగి వాడేస్తుంది అన్నాను కదా. అంటే పీడీఎస్‌లో కంప్రెస్ దాకా దొరికే అవకాశం ఇక్కడ లెక్కలోకి తీసుకోకూడదు. డిలీట్ చేస్తే పోయినట్టే అనుకోండి. దానికి బదులుగా జెడ్/ఓఎస్ 2.1 నుంచి పీడీఎస్ఈ వెర్షన్ 2లో మెంబర్ జనరేషన్స్ వచ్చాయి. అలొకేట్ చేసేటప్పుడు మాక్స్‌జెన్స్ అని ఒక నంబర్ ఇస్తే, మెంబర్‌ని మార్చినప్పుడల్లా పాత కాపీని ఒక తరంగా పక్కన పెడుతుంది, మీరు చెప్పినన్ని తరాల వరకు. పాత పీడీఎస్ అనుకోకుండా చేసే పనిని ఇది పద్ధతిగా చేస్తుందన్నమాట. చాలా షాప్‌ల్లో ఇది ఆన్ చేసే ఉండదు, ఎందుకంటే అడిగినవాళ్ళు లేరు. మీరు అడగండి.

ఈ వారం మీకు చిన్న పని. మీ లైబ్రరీ పక్కన 3.4లో ఐ కొట్టి ఇన్ఫర్మేషన్ స్క్రీన్ తెరవండి. ఎన్ని ట్రాక్‌లు వాడిందో, ఎన్ని ఎక్స్‌టెంట్లు అయ్యాయో, డైరెక్టరీ బ్లాకులు ఎన్నింటిలో ఎన్ని నిండాయో చూడండి. ఎక్స్‌టెంట్లు 12, 13 దాటితే ఈ37 దారిలో ఉంది. డైరెక్టరీ 50లో 48 నిండితే బీ14 దారిలో ఉంది. తర్వాత మెంబర్ల లైన్లన్నీ కూడి 698తో భాగించండి. ఆ వచ్చిన ట్రాక్‌లకీ, స్క్రీన్ మీద చూపించే యూజ్డ్ ట్రాక్‌లకీ మధ్య ఉన్న తేడాలో ఎక్కువ భాగం గ్యాసే, కొంచెం మాత్రం డైరెక్టరీ, బ్లాకుల చివర మిగిలిన చోటు. రికార్డ్ లెంగ్త్ 80, బ్లాక్ సైజ్ 27,920 ఉంటేనే ఈ 698 లెక్క వర్తిస్తుంది, అది కూడా అదే స్క్రీన్ మీద ఉంటుంది, చూసుకోండి.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో జీడీజీ చేద్దాం, అదీ తరాల కథే. ఉంటాను మరి, బై.